వాలీబాల్ జట్టుకు అంతర్జాతీయ బెర్తు దక్కుతుందో లేదో స్వయంగా లెక్కకట్టడం ఎలా

వాలీబాల్‌లో ఒక జాతీయ జట్టు ఒలింపిక్స్‌కో, ప్రపంచ చాంపియన్‌షిప్‌కో అర్హత సాధించిందా లేదా అన్న విషయం ఒక్క మ్యాచ్ గెలుపోటములతో తేలిపోవడం అరుదు. ఓడిన జట్టు కూడా రెండు సెట్లు గెలుచుకున్నందువల్ల పట్టికలో నిలబడవచ్చు; గెలిచిన జట్టు ఒక సెట్ చేజార్చుకున్నందువల్ల వెనకబడవచ్చు; మూడో స్థానంతో నిరాశగా ఇంటిముఖం పట్టిన జట్టు ఎనిమిది నెలల తర్వాత ర్యాంకింగ్ బలంతో అదే పోటీలో అడుగుపెట్టవచ్చు. ఈ మలుపులన్నీ నిబంధనల్లో ముందుగానే రాసి ఉంటాయి కాబట్టి, వ్యాఖ్యాత చెప్పేదాకా ఆగకుండా, ఒక కాగితం, ఒక కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుని ఎవరైనా ఈ లెక్కను తామే కట్టుకోవచ్చు. పారిస్ 2024 ఒలింపిక్స్‌కు జరిగిన అర్హత పోటీలను ప్రధాన ఉదాహరణగా తీసుకుని ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా దారులు ఎన్నో తెలుసుకోవాలి

ఏ పోటీకి అర్హత గురించి ఆలోచిస్తున్నారో ఆ పోటీకి ఎన్ని దారులు ఉన్నాయో, ఒక్కో దారిలో ఎన్ని బెర్తులు ఉన్నాయో మొదట రాసుకోవాలి. ఈ పని చేయకుండా పాయింట్ల పట్టిక ముందు కూర్చోవడం వల్ల ప్రయోజనం లేదు. అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య (ఎఫ్‌ఐవీబీ) ప్రతి ఒలింపిక్స్‌కూ అర్హత విధానాన్ని మారుస్తూ వస్తోంది. అందువల్ల గత ఒలింపిక్స్ నాటి నియమాలను గుర్తుపెట్టుకుని ఈసారి లెక్క వేసేవారు తప్పకుండా పొరబడతారు.

ఒలింపిక్స్‌లో పురుషుల విభాగంలోనూ మహిళల విభాగంలోనూ పన్నెండేసి జట్లు మాత్రమే ఆడతాయి. టోక్యో 2020 క్రీడలకు ఆతిథ్య జట్టు పోగా, ఆరు బెర్తులు 2019లో జరిగిన ఖండాంతర అర్హత టోర్నీల విజేతలకు, మిగిలిన ఐదు ఖండాల వారీగా జరిగిన టోర్నీల విజేతలకు దక్కాయి. పారిస్ 2024కు వచ్చేసరికి ఖండాల టోర్నీలను తొలగించారు. 2023 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఒక్కో విభాగంలో 24 జట్లను ఎనిమిదేసి చొప్పున మూడు పూల్‌లుగా విభజించి ఆడించి, ప్రతి పూల్‌లో మొదటి రెండు జట్లకు నేరుగా బెర్తులు ఇచ్చారు. అలా ఆరు భర్తీ అయ్యాయి. ఆతిథ్య ఫ్రాన్స్ ఒకటి. మిగిలిన ఐదింటిని 2024 జూన్‌లో, వాలీబాల్ నేషన్స్ లీగ్ (వీఎన్‌ఎల్, అగ్రశ్రేణి జాతీయ జట్లు ఏటా ఆడే పోటీ) తొలి దశ ముగిసిన వెంటనే ఉన్న ప్రపంచ ర్యాంకింగ్‌ను బట్టి నింపారు. లాస్ ఏంజెలిస్ 2028కి మళ్లీ మారింది: ఆతిథ్య అమెరికాతో పాటు 2026 ఖండ చాంపియన్‌షిప్‌ల విజేతలు ఐదు, 2027 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అప్పటికి అర్హత పొందని జట్లలో మెరుగైన స్థానం సాధించినవి మూడు, ర్యాంకింగ్ ద్వారా మరో మూడు.

ప్రపంచ చాంపియన్‌షిప్ దారులు వేరు. 2025 నుంచి ఈ పోటీని 32 జట్లతో, రెండేళ్లకోసారి నిర్వహిస్తున్నారు. 2025లో మహిళల పోటీ థాయ్‌లాండ్‌లో, పురుషుల పోటీ ఫిలిప్పీన్స్‌లో జరిగాయి. ఆతిథ్య దేశం, డిఫెండింగ్ చాంపియన్, ఐదు ఖండ సమాఖ్యల 2023 చాంపియన్‌షిప్‌ల నుంచి మూడేసి చొప్పున పదిహేను, ర్యాంకింగ్ నుంచి పదిహేను జట్లకు చోటు దక్కింది. ఒలింపిక్స్‌తో పోలిస్తే ఈ ద్వారం చాలా వెడల్పు. బలమైన జట్టు ఏదీ సాధారణంగా బయట మిగిలిపోదు. కాబట్టి గట్టిగా లెక్కలు వేయాల్సిన అవసరం ప్రధానంగా ఒలింపిక్ అర్హత దగ్గరే పడుతుంది.

దారులు రాసుకునేటప్పుడు ఒక ప్రశ్నకు జవాబు తప్పకుండా వెతకాలి: ఒకే జట్టు రెండు దారుల్లోనూ అర్హత సాధిస్తే ఖాళీ అయిన బెర్తు ఎవరికి వెళ్తుంది? అదే పోటీలో తర్వాతి స్థానంలో నిలిచిన జట్టుకా, ర్యాంకింగ్ జాబితాకా? ఆతిథ్య జట్టే ఖండ విజేతగా నిలిచే అవకాశం ఉన్నచోట ఈ ఒక్క వాక్యం మీద మరో దేశం భవితవ్యం ఆధారపడుతుంది. పత్రికల్లో వచ్చే సంక్షిప్త వార్తల్లో ఈ వివరం సాధారణంగా ఉండదు, సమాఖ్య ప్రచురించే అర్హత విధాన పత్రంలోనే చూడాలి.

పూల్ పట్టికను సొంతంగా వేసుకోవడం

పూల్ పట్టికకు ఏడు గడులు చాలు: గెలిచిన మ్యాచ్‌లు, ఓడినవి, మ్యాచ్ పాయింట్లు, గెలిచిన సెట్లు, కోల్పోయిన సెట్లు, సాధించిన పాయింట్లు, ఇచ్చిన పాయింట్లు. మ్యాచ్ 3-0తో గానీ 3-1తో గానీ ముగిస్తే విజేతకు మూడు మ్యాచ్ పాయింట్లు, ఓడిన జట్టుకు సున్నా. ఐదు సెట్ల పోరు అయితే విజేతకు రెండు, ఓడిన జట్టుకు ఒకటి. సెట్ పాయింట్లు రాసుకునేటప్పుడు మొదటి నాలుగు సెట్లు 25కు, ఐదోది 15కు ఆడతారని, రెండు పాయింట్ల ఆధిక్యం వచ్చేదాకా సెట్ సాగుతుందని గుర్తుంచుకుంటే అంకెల్లో దొర్లే తప్పులు కంటికి వెంటనే దొరుకుతాయి.

జట్లను వరుసలో పెట్టే క్రమమే అసలైన విషయం. ఎఫ్‌ఐవీబీ టోర్నీల్లో మొదట చూసేది గెలిచిన మ్యాచ్‌ల సంఖ్యను. అది సమానమైతే మ్యాచ్ పాయింట్లను. అవీ సమానమైతే సెట్ల నిష్పత్తిని. ఆ తర్వాత పాయింట్ల నిష్పత్తిని. అప్పటికీ తేలకపోతే ఆ జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్ ఫలితాన్ని. ఫుట్‌బాల్ చూసే అలవాటున్నవారు పాయింట్లే మొదటి కొలమానమని అనుకుంటారు కనుక ఇక్కడే తడబడతారు. ఒక జట్టు ఏడు మ్యాచ్‌ల్లో ఐదు గెలిచి, ఆ ఐదూ 3-2తోనే గెలిచి, మిగతా రెండూ వరుస సెట్లలో ఓడిందనుకుందాం: దాని ఖాతాలో పది మ్యాచ్ పాయింట్లు ఉంటాయి. మరో జట్టు నాలుగు మ్యాచ్‌లు వరుస సెట్లలో గెలిచి, మూడు మ్యాచ్‌లు ఐదు సెట్ల దాకా లాగి ఓడిందనుకుందాం: దానికి పదిహేను పాయింట్లు వస్తాయి. అయినా పది పాయింట్ల జట్టే పైన ఉంటుంది. పట్టికను పాయింట్ల ప్రకారం అమర్చి చూపించే వెబ్‌సైట్లు కొన్ని ఉన్నాయి. వాటిని నమ్ముకుంటే వరుసే తారుమారవుతుంది.

అయితే అన్ని టోర్నీలకూ ఇదే క్రమం అని ధీమాగా ఉండకూడదు. కొన్ని ఖండ టోర్నీలు, జాతీయ లీగ్‌లు మ్యాచ్ పాయింట్లనే ముందు చూస్తాయి. టోర్నీ నిబంధనల పత్రంలో ఈ ఒక్క అంశాన్ని సరిచూసుకున్న తర్వాతే పెన్ను పట్టాలి.

నిష్పత్తి అంటే భాగాహారమే: గెలిచిన సెట్లను కోల్పోయిన సెట్లతో భాగించాలి, మూడు దశాంశ స్థానాల వరకు రాసుకోవాలి. క్రికెట్‌లో నెట్ రన్‌రేట్‌కు అలవాటు పడిన మనకు ఇది తేలిగ్గానే అనిపిస్తుంది కానీ, అక్కడ తీసివేత ఉన్నచోట ఇక్కడ భాగాహారం ఉండటం వల్ల ఫలితం మరో రకంగా నడుస్తుంది. తక్కువ సెట్లు కోల్పోయిన జట్టుకు భాగాహారం విపరీతంగా మేలు చేస్తుంది. పదహారు సెట్లు గెలిచి తొమ్మిది కోల్పోయిన జట్టు నిష్పత్తి 1.778, పదిహేను గెలిచి ఎనిమిది కోల్పోయిన జట్టుది 1.875. రెండు జట్లకూ తేడా ఏడు సెట్లే అయినా రెండోదే ముందుంటుంది. ఒక్క సెట్ కూడా కోల్పోని జట్టుకు హారం సున్నా అవుతుంది గనుక దాన్ని గరిష్ఠంగా పరిగణించి పైన పెడతారు.

చివరి రోజు లెక్క

ఇప్పుడు అదే రెండు జట్లను తీసుకుందాం. ఒకదాన్ని మొదటి జట్టు, మరొకదాన్ని రెండో జట్టు అందాం. రెండూ ఆరేసి మ్యాచ్‌లు ఆడి ఐదేసి గెలిచాయి, రెండింటికీ పద్నాలుగేసి మ్యాచ్ పాయింట్లు ఉన్నాయి, పూల్‌లో మిగిలిన బెర్తు ఒక్కటే. సెట్లు మొదటి జట్టుకు 16-9, రెండో జట్టుకు 15-8. చివరి రోజు ఇవి వేర్వేరు ప్రత్యర్థులతో ఆడతాయి, మొదటి జట్టు ముందుగా ఆడుతుంది.

మొదటి జట్టు 3-0తో గెలిస్తే దాని సెట్లు 19-9, నిష్పత్తి 2.111. అప్పుడు రెండో జట్టు 3-0తో గెలిస్తే 18-8, అంటే 2.250తో బెర్తు తనదవుతుంది. కానీ 3-1తో గెలిస్తే 18-9, అంటే సరిగ్గా 2.000 మాత్రమే, మ్యాచ్ గెలిచి, మూడు పాయింట్లు తెచ్చుకుని కూడా బెర్తు పోతుంది. అదే మొదటి జట్టు 3-1తో గెలిచి 19-10, అంటే 1.900 దగ్గర ఆగితే, రెండో జట్టుకు 3-1 గెలుపు సరిపోతుంది. రెండో జట్టు 3-2తో గెలిస్తే మ్యాచ్ పాయింట్ల దగ్గరే ఒకటి తగ్గిపోతుంది కాబట్టి నిష్పత్తి దాకా వెళ్లే అవసరమే ఉండదు. ఇలాంటి పట్టికను మ్యాచ్ మొదలయ్యే ముందే తయారు చేసుకున్నవారికి, రెండో జట్టు తొలి సెట్ కోల్పోయిన క్షణంలో మైదానంలో ఏమి చేజారిందో తెలుస్తుంది. మిగతా ప్రేక్షకులు ఇంకా నాలుగు సెట్లు ఉన్నాయిలే అనుకుంటూ ఉంటారు.

చివరి రోజు లెక్కను ఎప్పుడూ అధ్వాన్న స్థితి నుంచి మొదలుపెట్టాలని నా సలహా. మన జట్టు 0-3తో ఓడిందని, బెర్తు కోసం మనతో పోటీపడుతున్న జట్టు 3-0తో గెలిచిందని మొదట అనుకుని చూడాలి. అప్పటికీ మన జట్టు పైనే ఉంటే బెర్తు ఖాయం, ఇక లెక్క అనవసరం. లేకపోతే మన జట్టు ఫలితాన్ని ఒక్కో మెట్టు పైకి జరుపుతూ పోవాలి: 1-3, 2-3, 3-2, 3-1, 3-0. వాలీబాల్‌లో డ్రా లేదు, సాధ్యమైన స్కోర్లు ఆరే ఉన్నాయి; అందువల్ల రెండు జట్ల మధ్య పోటీలో ముప్ఫై ఆరు సందర్భాలకు మించి ఉండవు, అందులో కనీసం సగం గెలుపుల సంఖ్య దగ్గరే తేలిపోతాయి. ఇంత చిన్న పరిధిలో ముగిసే అర్హత లెక్క మరే జట్టు ఆటలోనైనా ఉందా అంటే నాకు సందేహమే.

2023 అక్టోబరులో టోక్యోలో జరిగిన పురుషుల పూల్‌లో జపాన్ నడిచిన దారి దీనికి మంచి ఉదాహరణ. తొలి మ్యాచ్‌లో ఫిన్లాండ్‌పై రెండు సెట్ల ఆధిక్యం తర్వాత తడబడి 3-2తో గట్టెక్కింది. మరుసటి రోజు ఈజిప్టుపై కూడా మొదటి రెండు సెట్లు గెలిచి, తర్వాతి మూడూ కోల్పోయి 2-3తో ఓడింది. సొంత ప్రేక్షకుల ముందు, తనకంటే ఎంతో తక్కువ ర్యాంకున్న జట్టు చేతిలో ఎదురైన ఆ ఓటమితో జపాన్ కథ ముగిసిందని చాలామంది భావించారు. కాగితం మీద లెక్క అంత చీకటిగా లేదు. రెండు మ్యాచ్‌ల్లో ఒక గెలుపు, మూడు మ్యాచ్ పాయింట్లు, 5-5 సెట్లు. ఇంకా ఐదు మ్యాచ్‌లు చేతిలో ఉన్నాయి. ఆ తర్వాత ట్యునీషియా, టర్కీ, సెర్బియా జట్లను జపాన్ వరుస సెట్లలో ఓడించింది. దాంతో ఐదు మ్యాచ్‌ల్లో నాలుగు గెలుపులు, పన్నెండు పాయింట్లు, 14-5 సెట్లు అయ్యాయి. ఒక్కసారిగా నిష్పత్తి 1.000 నుంచి 2.800కి పెరిగింది.

అక్టోబరు 7న స్లొవేనియాతో ఆడేటప్పుడు జపాన్‌కు కావలసింది 3-0 గానీ 3-1 గానీ. 3-2తో గెలిస్తే నిర్ణయం చివరి రోజుకు వాయిదా పడేది. జపాన్ 3-0తో గెలిచి ఒక రోజు ముందే బెర్తు ఖాయం చేసుకుంది. మరునాడు అమెరికా చేతిలో 2-3తో ఓడినా ఆ ఫలితం దేన్నీ మార్చలేదు. ఆ పూల్ నుంచి అమెరికా, జపాన్ వెళ్లాయి. మూడు మ్యాచ్‌లను ఒక్క సెట్ కూడా ఇవ్వకుండా ముగించడం ఈజిప్టు చేతిలో ఓటమిని ఎలా పూడ్చిందో, ఆ ఓటమిలో గెలిచిన రెండు సెట్లు ఒక మ్యాచ్ పాయింటును ఎలా కాపాడాయో పట్టిక వేసుకున్నవారికే కనిపిస్తుంది.

అదే సమయంలో రియో డి జనీరోలో పురుషుల మరో పూల్ జరిగింది. జర్మనీ ఓటమి లేకుండా మొదటి స్థానంలో నిలిచింది. రెండో బెర్తు కోసం ఆతిథ్య బ్రెజిల్, అప్పటి ప్రపంచ చాంపియన్ ఇటలీ చివరి రోజున ముఖాముఖి తలపడగా, బ్రెజిల్ ఐదు సెట్లలో గెలిచింది. ప్రపంచ చాంపియన్ జట్టు నేరుగా అర్హత పొందలేకపోవడం వార్తాపత్రికలకు పెద్ద శీర్షిక అయింది. లెక్క తెలిసినవారు మాత్రం ఇటలీ విషయంలో పెద్దగా కంగారుపడలేదు. ఎందుకో తెలియాలంటే రెండో దారిని చూడాలి.

ర్యాంకింగ్ పాయింట్లు ఎలా పుడతాయి

2020కి ముందు ప్రపంచ ర్యాంకింగ్ టోర్నీల్లో సాధించిన స్థానాలను బట్టి ఉండేది. ఇప్పుడు ప్రతి అధికారిక మ్యాచ్ తర్వాతా మారుతుంది. ఒక జట్టు ఎన్ని పాయింట్లు పొందితే ప్రత్యర్థి సరిగ్గా అన్నే కోల్పోతుంది. ఎంత అన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుంది: మ్యాచ్‌కు ముందు రెండు జట్ల పాయింట్ల మధ్య ఉన్న తేడా, సెట్ల స్కోరు, ఆ పోటీకి ఇచ్చిన బరువు.

సెట్ల స్కోరుకు విలువలు ఇలా కడతారు: 3-0 గెలుపుకు 2, 3-1కి 1.5, 3-2కి 1. ఓటములకు అవే అంకెలు రుణ గుర్తుతో. రెండు జట్ల పాయింట్ల తేడాను సంభావ్యతా సూత్రంలో వేసి, ఆ మ్యాచ్ నుంచి ‘ఆశించదగిన’ విలువ ఎంతో ముందుగానే తేలుస్తారు. రెండు జట్లూ సమానమైతే ఆ విలువ సున్నా. ఒక జట్టు వంద పాయింట్లు ఎక్కువగా ఉంటే ఆ జట్టు నుంచి ఆశించే విలువ సుమారు 1.03. మ్యాచ్ ముగిశాక, వచ్చిన విలువలోంచి ఆశించిన విలువను తీసివేసి, పోటీ బరువుతో గుణించి, ఎనిమిదితో భాగిస్తారు. బరువులు ఒలింపిక్స్‌కు 50, ప్రపంచ చాంపియన్‌షిప్‌కు 45, వీఎన్‌ఎల్‌కు 40, ఒలింపిక్ అర్హత టోర్నీకీ ఖండ చాంపియన్‌షిప్‌కూ 35. ఖండ సమాఖ్యలు ఏటా జరిపే చిన్న టోర్నీలకు 10.

వీఎన్‌ఎల్‌లో సమాన బలమున్న రెండు జట్లు ఆడి ఒకటి 3-0తో గెలిస్తే, 2ను 40తో గుణించి 8తో భాగిస్తే వచ్చే పది పాయింట్లు దానికి చేరతాయి. 3-2తో గెలిస్తే ఐదే. ఇప్పుడు వంద పాయింట్ల తేడా ఉన్న మ్యాచ్‌ను చూడండి. బలమైన జట్టు 3-0తో గెలిస్తే దానికి వచ్చేది ఐదు పాయింట్ల లోపు, 3-1తో గెలిస్తే రెండు పైచిలుకు, 3-2తో గెలిస్తే దాదాపు ఏమీ లేదు. ఐదు సెట్లలో ఓడితే పది పాయింట్లు పోతాయి, వరుస సెట్లలో ఓడితే పదిహేను పోతాయి. తేడా రెండు వందలైతే 3-0 గెలుపు విలువ ఒకటిన్నర పాయింట్లకు కాస్త పైన ఉంటుంది, 0-3 ఓటమి ధర పద్దెనిమిది దాటుతుంది. అంటే బలమైన జట్టుకు బలహీన జట్టుతో మ్యాచ్ అంటే లాభం స్వల్పం, నష్టభయం భారీ. బలహీన జట్టుకు ఐదు సెట్ల దాకా లాగి ఓడినా పెద్దగా నష్టం ఉండదు.

ఈ అంకెలు తెలిసినవారు ర్యాంకింగ్ పోరులో ఉన్న జట్టు మ్యాచ్‌ను భిన్నంగా చూస్తారు. రెండు సెట్లు గెలిచి మూడో సెట్‌లో శిక్షకుడు ప్రధాన క్రీడాకారులను కూర్చోబెడితే, మ్యాచ్ గెలుపుకు ప్రమాదం లేకపోవచ్చు. కానీ సెట్ పోతే, సమాన బలమున్న ప్రత్యర్థి మీద వీఎన్‌ఎల్‌లో రెండున్నర పాయింట్లు తగ్గిపోతాయి. ఒలింపిక్ బెర్తు అంచున ఉన్న జట్ల మధ్య తేడా ఒక్కోసారి అంతకంటే తక్కువే ఉంటుంది. మరోవైపు, ఇప్పటికే బెర్తు ఖాయం చేసుకున్న జట్టు యువ ఆటగాళ్లను పరీక్షించడానికి రెండో శ్రేణి జట్టును దింపితే, ఆ రోజు దానితో ఆడుతున్న జట్టుకు అదృష్టం పండినట్టే. ర్యాంకింగ్ సూత్రానికి కోర్టులో ఎవరు ఆడుతున్నారన్నది పట్టదు, దేశం పేరు మీద ఉన్న పాయింట్లే దానికి తెలుసు. అందుకని వీఎన్‌ఎల్ వారాల్లో జట్ల జాబితాలను కూడా గమనిస్తూ ఉండాలి. ఏ జట్టు ఏ వారంలో పూర్తి బలంతో దిగుతోందో తెలిస్తే, మన జట్టు కార్యక్రమం అనుకూలమో కాదో ముందే అంచనా వేయవచ్చు. ఇది న్యాయమేనా అన్న చర్చ వేరు. ఆర్నెల్ల ముందే బెర్తు దక్కించుకున్న జట్టును అన్ని మ్యాచ్‌లూ పూర్తి బలంతో ఆడమని ఎవరూ శాసించలేరు కానీ, మూడో దేశం బెర్తు దాని మీద ఆధారపడటం ఈ విధానంలో నాకు కనిపించే ప్రధాన లోపం.

లెక్క కట్టేటప్పుడు పాటించవలసిన ఒక చిన్న జాగ్రత్త ఉంది. సమాఖ్య ర్యాంకింగ్ పేజీ మ్యాచ్ ముగిసిన వెంటనే మారిపోతుంది. కాబట్టి మ్యాచ్‌కు ముందే రెండు జట్ల పాయింట్లను రెండు దశాంశ స్థానాలతో సహా రాసి పెట్టుకోవాలి. లేకపోతే తర్వాత తేడాను సరిచూసుకోవడానికి ఆధారం ఉండదు.

గడువు తేదీ, ఖండాల వాటా

ర్యాంకింగ్ ద్వారా బెర్తులు ఇచ్చేటప్పుడు ఏ తేదీ నాటి జాబితాను తీసుకుంటారన్నది నిబంధనల్లో ఉంటుంది. పారిస్ కోసం మహిళల జాబితాను 2024 జూన్ 17 నాటికి, పురుషుల జాబితాను జూన్ 24 నాటికి ఖరారు చేశారు. అంతకు ముందు, మధ్యలో విరామాలతో సాగిన మూడు పోటీ వారాల్లో ప్రతి వీఎన్‌ఎల్ జట్టూ పన్నెండు మ్యాచ్‌లు ఆడింది. అప్పుడు వీఎన్‌ఎల్‌లో పదహారు జట్లే ఉండేవి (2025 నుంచి పద్దెనిమిది), అందులో లేని జట్టుకు 40 బరువున్న మ్యాచ్ ఒక్కటీ దొరకలేదు. ర్యాంకింగ్ దారి అందరికీ తెరిచి ఉన్నట్టే కనిపిస్తుంది కానీ, ఆ దారిలో వేగంగా నడిచే అవకాశం వీఎన్‌ఎల్ జట్లకే ఉంది.

దీనికి విరుగుడుగా పెట్టిందే ఖండాల నియమం. ర్యాంకింగ్ జాబితాను పై నుంచి కిందకు చదివే ముందు, అప్పటికి ఒక్క జట్టు కూడా అర్హత పొందని ఖండం ఉందేమో చూస్తారు. ఉంటే ఆ ఖండంలో అత్యుత్తమ ర్యాంకున్న జట్టుకు మొదట బెర్తు ఇస్తారు. అర్హత టోర్నీలు ముగిసేసరికి పురుషుల్లో ఫ్రాన్స్, అమెరికా, జపాన్, పోలండ్, కెనడా, జర్మనీ, బ్రెజిల్ ఖాయమయ్యాయి. ఇందులో ఆఫ్రికా లేదు. కాబట్టి మిగిలిన ఐదింటిలో ఒకటి ఆఫ్రికాకు పోతుందని అప్పుడే తెలిసిపోయింది, అది ఈజిప్టుకు దక్కింది. నిజానికి ర్యాంకింగ్‌తో భర్తీ అయ్యే బెర్తులు నాలుగే అన్నమాట. వాటిని స్లొవేనియా, ఇటలీ, అర్జెంటీనా, సెర్బియా అందుకున్నాయి. ఐదు అనుకుని లెక్క వేసినవారు ఇరాన్ వంటి జట్ల అవకాశాన్ని ఎక్కువగా ఊహించుకున్నారు.

మహిళల్లో పరిస్థితి ఇంకా ఇరుకు. ఫ్రాన్స్‌తో పాటు డొమినికన్ రిపబ్లిక్, సెర్బియా, టర్కీ, బ్రెజిల్, అమెరికా, పోలండ్ అర్హత పొందగా, ఆసియా నుంచీ ఆఫ్రికా నుంచీ ఎవరూ లేరు. ఐదు బెర్తుల్లో రెండు ఈ రెండు ఖండాలకు ముందే కేటాయించినట్టయింది. చివరికి ఇటలీ, చైనా, జపాన్, నెదర్లాండ్స్, కెన్యా వెళ్లాయి. ఇటలీ మహిళలు నేరుగా కాక ర్యాంకింగ్ దారిన వచ్చి ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచారు. అర్హత ఏ దారిన వచ్చిందన్నదాన్ని బట్టి జట్టు బలాన్ని అంచనా వేయకూడదని చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

స్లొవేనియా పురుషుల జట్టు విషయం కూడా అలాంటిదే. టోక్యోలో జపాన్ చేతిలో ఓడి బెర్తు పోగొట్టుకున్న ఆ జట్టు, 2024 వీఎన్‌ఎల్ తొలి దశలో అగ్రస్థానంలో నిలిచి ర్యాంకింగ్ పాయింట్లు పోగేసుకుని, తన చరిత్రలో మొదటిసారి ఒలింపిక్ వాలీబాల్‌లో అడుగుపెట్టింది. అర్హత టోర్నీలో ఓడిన జట్ల పేర్లను కొట్టివేయకుండా, వాటి ర్యాంకింగ్ పాయింట్లతో రెండో జాబితా వెంటనే మొదలుపెట్టాలని చెప్పడం ఇందుకే.

భారత జట్టును అనుసరించేవారికి

భారత వాలీబాల్ జట్టు ఒలింపిక్స్‌కు ఇంతవరకు అర్హత సాధించలేదు. ఆసియా క్రీడల్లో పురుషుల జట్టు 1958లో కాంస్యం, 1962లో రజతం, 1986లో సియోల్‌లో మళ్లీ కాంస్యం గెలిచింది. సియోల్ జట్టులో ఆడిన తెలుగువాడు, పి.వి. సింధు తండ్రి పి.వి. రమణ పేరు మనకు బాగా పరిచయమే. ఆసియాలో పతకం తెచ్చిన తరాలకు కూడా ఒలింపిక్ తలుపు తెరుచుకోలేదంటే, ఈ ఖండం నుంచి దారి ఎంత ఇరుకో అర్థమవుతుంది. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో భారత్ దక్షిణ కొరియాను 3-2తో ఓడించి, చివరికి ఆరో స్థానంలో నిలిచింది.

భారత్ వీఎన్‌ఎల్‌లో లేదు. ఎక్కువగా ఆడేది ఆసియా సమాఖ్య నిర్వహించే చిన్న టోర్నీలు, మధ్య ఆసియా మండల పోటీలు. బరువు పది ఉన్న టోర్నీలో సమాన జట్టుపై 3-0 గెలుపు ఇచ్చేది రెండున్నర పాయింట్లు. అదే గెలుపు ఆసియా చాంపియన్‌షిప్‌లో వస్తే దాదాపు ఎనిమిది ముప్పావు పాయింట్లు. చిన్న టోర్నీలో మూడు మ్యాచ్‌లు వరుసగా గెలిచి తెచ్చుకునేదానికంటే ఆసియా చాంపియన్‌షిప్‌లో ఒక్క మ్యాచ్ ఎక్కువ ఇస్తుంది. పైగా అక్కడి ప్రత్యర్థుల ర్యాంకు మనకంటే ఎక్కువగా ఉంటుంది కనుక గెలిస్తే ఇంకా ఎక్కువ, పోరాడి ఓడితే నష్టం తక్కువ. కాబట్టి భారత జట్టు లెక్క రాసుకోవాలనుకునేవారు ఏడాది పొడవునా జరిగే ప్రతి స్నేహపూర్వక మ్యాచ్ వెంటా పడనక్కర్లేదు. స్నేహపూర్వక మ్యాచ్‌లకు ర్యాంకింగ్‌లో లెక్కే లేదు.

లాస్ ఏంజెలిస్ విషయానికి వస్తే, ఖండ విజేతకు నేరుగా బెర్తు ఇవ్వడం వల్ల ఆసియాలో ఒక్క జట్టుకే మొదటి దారి తెరుచుకుంటుంది. జపాన్, ఇరాన్, చైనా, ఖతార్ వంటి జట్లు ఉన్నచోట ఆ ఒక్కటి భారత్‌కు వస్తుందని చెప్పడం అభిమానమే తప్ప లెక్క కాదు. ప్రపంచ చాంపియన్‌షిప్ మాత్రం అలా కాదు. అక్కడ 32 చోట్లు ఉన్నాయి, ఆసియా చాంపియన్‌షిప్ నుంచి మూడు జట్లు వెళ్తాయి, ర్యాంకింగ్ నుంచి మరికొన్ని. కాబట్టి భారత్ పేరుతో మొదలుపెట్టే పట్టికలో పైన రాసుకోవలసింది ఒలింపిక్స్ కాదు, ప్రపంచ చాంపియన్‌షిప్. దాని కింద ఆసియా చాంపియన్‌షిప్‌లో మనం పడిన పూల్, ఆ పూల్‌లోని ఒక్కో జట్టు ప్రస్తుత ర్యాంకింగ్ పాయింట్లు, మనకూ వాటికీ ఉన్న తేడా రాసుకుంటే, మొదటి సర్వీస్ పడేలోపే ఏ మ్యాచ్‌లో ఎన్ని సెట్లు అవసరమో తేలుతుంది.